కనకవ్వ మూసిన బోరింగు

మా అత్త కనకవ్వతో వేగడం ఎవరి వల్లా కాదు. ఉల్లిగడ్డ లావుగా కోస్తే పశువులకు వేస్తున్నావా అంటుంది, సన్నగా కోస్తే మందులో కలపడానికా అంటుంది. సూరత్ శివార్లలో, ఉన్ అనే ఊరి దగ్గర మా గల్లీ అంతా సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. ఆ గల్లీలో ఆమె నోటికి జడవని మనిషి లేడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆమె అబద్ధం ఆడదు. అది గొప్ప గుణమని అందరూ అంటారు. అనేవాళ్లెవరూ ఆమెతో ఒకే ఇంట్లో ఉండలేదు. మా పెళ్లిలో మా అమ్మ వడ్డించిన పప్పు అడుగంటిందని పంక్తిలో కూర్చునే చెప్పింది. నిజమే, అడుగంటింది. కానీ వియ్యపురాలు చెప్పాల్సిన మాటా అది?

దేవుడి దగ్గర ఈ నియమం మరీ గట్టిది. గల్లీ చివర వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి మా పోశమ్మ. ప్రతి మంగళవారం అత్త అక్కడ దీపం పెట్టాకే ఇంట్లో పొయ్యి వెలిగేది. అంత భక్తి ఉన్నా ఆమె మీదికి అమ్మ ఎప్పుడూ రాలేదు. మా వైపు ఆడవాళ్లకు అమ్మ ఒంటి మీదికి వచ్చి ఊగడం, పలకడం మామూలే, దాన్ని శిగమూగడం అంటాం. ఎవరికైనా నిజంగా వస్తే వాళ్ల కాళ్లు అత్తే కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునేది. దొంగ శిగమైతే మాత్రం ఊరుకునేది కాదు. ఒకసారి బోనాల్లో ఒకామె ఊగుతూ నైలాన్ చీర అడిగితే, అమ్మకు వేపమండ కావాలిగానీ నైలాన్ చీరతో పనేముందని నిలదీసింది. ఊగుడు అక్కడికక్కడే ఆగిపోయింది. అమ్మ పేరు చెప్పుకుని అబద్ధమాడితే ఏడు జన్మలకూ ఆ పాపం పోదని మా అత్త నమ్మకం.

పోశమ్మ రాయికి పక్కనే బోరింగు. మా మామ పేరు బ్రహ్మచారి. పేరు బ్రహ్మచారి, పిల్లలు ఐదుగురు. ఆయనే గల్లీ అంతా తిరిగి, అందరినీ ఒప్పించి ఆ బోరింగు వేయించాడట. మామ పోయాడు, బోరింగు మిగిలింది. ఎవరైనా దాని పిడిని గట్టిగా కొడితే, ఆయన చెయ్యి విరిచినట్టే అత్త కేకలేసేది.

తొంభై నాలుగులో వరదొచ్చింది, దాని వెనకే ప్లేగు అన్నారు. గల్లీ సగానికి సగం రైలెక్కి ఊళ్లకు పారిపోయింది. దసరా దాటాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. దీపావళి తర్వాత మా మేడ మీది గదిలోకి ఇంగ్లండు నుంచి ఒక తెల్లామె దిగింది. హెస్టర్ ఆమె పేరు. గల్లీ నోట్లో పడి వారంలో ఎస్తరమ్మ అయింది. నీళ్ల మీద పరిశోధన చేసే సైంటిస్టు, అరవైకి దగ్గరి మనిషి. వాళ్లది క్వేకర్లనే ఒక క్రైస్తవ శాఖ. వాళ్ల సంఘం ఎక్కడ కష్టమొస్తే అక్కడికి మనుషుల్ని పంపుతుందట. ఈమెను వరద నీళ్ల తర్వాత మా తాగునీళ్లు చూడమని పంపారు. నేను కరీంనగర్‌లో సిస్టర్ల బడిలో ఇంటర్ దాకా చదివిన పాపానికి ఆమె నోరునయ్యాను. అప్పటి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆమె కూడా అబద్ధం ఆడదు. అది వాళ్ల మతంలోనే ఉందట. ఒట్టు కూడా పెట్టరు, ఒట్టు పెడితే మిగతా వేళల్లో అబద్ధమాడతామని ఒప్పుకున్నట్టు కదా అంటారు. మేడమ్ అంటే ఒప్పుకోదు, పేరు పెట్టి పిలవమంటుంది. ఒకే కప్పు కింద ఇలాంటివాళ్లు ఇద్దరు పడితే మధ్యలో ఉన్న మనిషి గతేమిటో నన్నడగండి.

ఆమె వారం వారం ఇంటికి, చెల్లెలి పేరున, ఉత్తరం రాసేది. అక్కడ వాళ్ల సంఘంలో దాన్ని అందరికీ చదివి వినిపిస్తారట. రాసుకుంటే రాసుకో, పోస్టులో వేసుకో. అలా కాదు. ఉత్తరంలో ఎవరి సంగతి ఉంటే వాళ్లకు ముందు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పోస్టు చెయ్యాలని ఆమె పట్టుదల. చదవడం ఆమె పని, తెలుగులో చెప్పడం నా పని, తప్పులు పట్టడం మా అత్త పని. మా ఇల్లు చిన్నదని రాసిందని అత్త కస్సుమంది. రెండర్రలూ వంటిల్లూ ఉన్న ఇల్లు చిన్నదెట్లయితదని అడిగింది. ఆమె పాపం టేపు తెచ్చి గదులు కొలిచి ఆ కొలతలే రాసింది. ఇంకో ఉత్తరంలో కనకవ్వ నా మీద అరిచిందని ఉంది. అరవలేదు, మాట్లాడానంతే అని అత్త. నా చెవులకు అరుపులాగే వినిపించిందని ఆమె. ఈ తగువు తేలేసరికి పొయ్యి మీద అన్నం మాడింది. ఆ మాడినందుకు తిట్లు తిన్నది నేను.

అసలు గొడవ బోరింగుతో మొదలైంది. ఎస్తరమ్మ చిన్న చిన్న సీసాలు తెచ్చి ఇంటింటికీ ఇచ్చింది. వాటిలో ఏదో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, ఆ నీళ్లలో మలం కలిసి ఉంటే నల్లబడతాయి. రోడ్డు అవతల మున్సిపాలిటీ నల్లా నీళ్లు తెల్లగానే ఉన్నాయి. మా బోరింగు నీళ్లు బొగ్గులా నల్లబడ్డాయి. వెనక వరస గదుల చాల్‌వాళ్ల పాయిఖానా దొడ్ల గుంత నుంచి లోపల్లోపలే ఊరి కలుస్తోందని ఆమె చెప్పింది. పిల్లలకు విరేచనాలు, కామెర్లు అందుకేనంది.

గల్లీలో ఎవరైనా వింటేనా? సీసాలో మందు పోసింది ఆమే, నల్లబడక ఏమవుతుందన్నారు. ఇన్నేళ్లు తాగాం, చచ్చామా అన్నారు. నల్లా నీళ్లకు లారీల రోడ్డు దాటాలి, లైనులో నిలబడాలి, అక్కడివాళ్లతో గుజరాతీలో తగువులాడాలి. అందరికంటే గట్టిగా తిట్టింది మా అత్తే. మొగుడు వేయించిన బోరింగును పరాయి దేశపామె దొడ్డి అంటే ఆమె ఊరుకుంటుందా? ఎస్తరమ్మ మళ్లీ సీసాలు తెచ్చింది, మళ్లీ పట్టించింది, మళ్లీ నల్లబడ్డాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అంతలో మా పాప హరిణికి కామెర్లు వచ్చాయి. మూడేళ్ల పిల్ల, కళ్లు పసుపు ముద్దలైపోయాయి. అత్త పసరు పోయించింది, డాక్టరుకూ చూపించింది. పిల్ల కోలుకుంది. ఆ తర్వాత ఒక రోజు అత్త బిందె మీద కొంగు కప్పి రోడ్డు దాటి రావడం చూశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి నల్లా నీళ్లే వచ్చాయి. గల్లీలో మాత్రం నోరు విప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అబద్ధం ఆడే అవసరమూ రాలేదు.

ఇక ఆదివారాల సంగతి. క్వేకర్లకు పూజారి ఉండడు, పాట ఉండదు, పటం ఉండదు. కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి దేవుడి మాట వస్తే లేచి చెబుతారు, రాకపోతే అలాగే లేచి వెళ్లిపోతారు. మేడ మీద ఎస్తరమ్మ ఒక్కతే అలా కూర్చునేది. ఏం చేస్తోందని పక్కింటి నర్సవ్వ అడిగితే నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. దేవుడు మీదికొచ్చి పలికిస్తే పలుకుతుందట అన్నాను. నర్సవ్వ తలూపి వెళ్లింది.

మరుసటి ఆదివారం నర్సవ్వ, భూదేవి, ఇంకా కొంతమంది ఆడవాళ్లు తలస్నానం చేసి, వేపమండలు, పసుపు నీళ్లు పట్టుకుని మేడెక్కారు. చప్పుడు చేయకుండా ఎస్తరమ్మ చుట్టూ కూర్చున్నారు. తెల్లామె మీదికి అమ్మ ఎప్పుడొస్తుందా అని వాళ్లు ఎదురు చూస్తున్నారు. కళ్లు తెరిచిన ఎస్తరమ్మ మొహం వెలిగిపోయింది. ఈ గల్లీ ఆడవాళ్లు తనతో కలిసి ప్రార్థనకు కూర్చున్నారని ఆమె మురిసిపోయింది. ఆ వారం ఉత్తరమంతా అదే. నేను నర్సవ్వకు చెప్పి చూశాను, అది వేరు ఇది వేరు అని. దేవుడు మీదికొస్తే పలుకుతుందని నువ్వే చెప్పితివి గదా, వేరెట్లయితది అంది.

అలా వారాలు గడిచాయి. ఆమె పలకలేదు, వీళ్లు మానలేదు. సంక్రాంతి దాటాక భూదేవి కొడుకు, నాలుగేళ్లవాడు, విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో పోయాడు. ఆ ఆదివారం కూడా భూదేవి వచ్చింది, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపటికి ఎస్తరమ్మ లేచి నిలబడింది. ఒళ్లు వణుకుతోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆ బోరింగు నీళ్లు తాగకండి, మీ కాళ్లు పట్టుకుంటాను, పిల్లలకు పట్టకండి అంది. నేను ఏడుస్తూనే తెలుగులో చెప్పాను.

నర్సవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "అమ్మ పలికింది" అంది.

ఆ పూటే బోరింగు పిడికి గొలుసు చుట్టి వేపమండ కట్టారు. సీసాలు చెప్పలేనిది ఒక్క మాటతో అయిపోయింది. బిందెలన్నీ రోడ్డు దాటాయి. అత్త మాత్రం వెళ్లి బోరింగు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఎస్తరమ్మ ఉత్తరం రాసింది, చదివింది. ఇన్నాళ్లకు సీసాల సాక్ష్యం జనానికి అర్థమైందని అందులో ఉంది. అప్పుడే ఖాతా అనే మగ్గాల షెడ్డు నుంచి వచ్చి అన్నం తింటున్న మా ఆయన దేవదాస్ పకపకా నవ్వాడు. సీసా కాదు, నీ మీదికి పోశమ్మ వచ్చి చెప్పిందని మూశారు అని హిందీలో అనేశాడు. ఆ ముక్క హిందీ ఆమెకు అర్థమైంది. మొహం తెల్లబోయింది. ఉత్తరం నిలువునా చింపేసింది. నా మీదికి ఎవరూ రాలేదు, ఆదివారం అందరి ముందూ ఆ మాట చెబుతాను అంది.

అత్త గంటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

"ఎందుకు చెప్పాలె? పోరగాండ్లు మంచి నీళ్లు తాగుతున్నరు. జర నోరు మూసుకొని ఉంటే నీ సొమ్మేం పోతది?"

అబద్ధం మీద నిలబడింది ఏదీ నిలవదని ఎస్తరమ్మ అంది. ఈ రోజు ఒక గొంతు బోరింగు మూయమంటే మూశారు, రేపు ఇంకో గొంతు తెరవమంటే తెరుస్తారు, నీళ్లెందుకు చెడ్డవో వాళ్లకు తెలియాలి కదా అంది.

"తెలిసేదాక ఇంకెంతమందిని పాతిపెట్టాలె? నువ్వు అబద్ధం ఆడకు, నేనేం ఆడుమంటలేను. ఉత్తగ ఉండు."

తెలిసి ఊరుకోవడం కూడా అబద్ధమేనని ఎస్తరమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇద్దరి మధ్యా ఈ మాట అటూ ఆ మాట ఇటూ మోస్తూ నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఒకామె పిల్లలకంటే నిజం గొప్పదంటోంది, ఇంకొకామె జన్మంతా నిజమే మాట్లాడి ఇప్పుడు దాన్ని చాప కింద దాచమంటోంది. పైగా ఇద్దరూ చెప్పేది సబబుగానే ఉంది, అదే నాకు అసలు మంట.

ఆదివారం ఎస్తరమ్మ అన్నంత పనీ చేసింది. బోరింగు దగ్గర అందరినీ నిలబెట్టి చెప్పింది. నా మీదికి ఏ దేవతా రాలేదు, ఆ మాట నాది, నేను సీసాల్లో చూసింది చెప్పాను అంది. నేను ఎంత మెత్తగా చెబుదామన్నా ఆ మాటకు మెత్తదనం ఎక్కడుంది? జనం కాసేపు గుసగుసలాడారు. అమ్మ చెప్పకపోతే మనకీ రోడ్డు దాటే పీడ ఎందుకంది నర్సవ్వ. ఆమే వెళ్లి వేపమండ తీసి పక్కన పెట్టింది, గొలుసు విప్పింది. ఎవరో బిందె తెచ్చి మూతి కింద పెట్టారు. భూదేవి చంటిపిల్లతో అక్కడే నిలబడి ఉంది, ఎటు చూడాలో తెలియనట్టు.

నేను అత్త వైపు చూశాను. ఆమె కొప్పు విప్పుతోంది.

ముందు నాకు అర్థం కాలేదు. జుట్టు భుజాల మీద పడింది. గొంతులోంచి నేనెప్పుడూ వినని కేక వచ్చింది. వేపమండ తీసి పట్టుకుని బోరింగు చుట్టూ ఊగుతూ తిరిగింది. బిందెను కాలితో తన్నింది.

"నా గడప ముందటనే ముర్కి నీళ్లు తాగుతున్నరు. నా బిడ్డను ఒకన్ని మింగినయి ఈ నీళ్లు. తెల్లామె నోటెంట చెప్పిస్తే ఇనకపోతిరి. పీకుండ్రి ఆ పిడిని. ఖాడీల పారేయుండ్రి."

జనం దబ్బున నేల మీద పడి మొక్కారు. మగవాళ్లు పానాలు తెచ్చి పిడి ఊడదీశారు. దాన్ని తీసుకెళ్లి గల్లీ వెనక పారే ఖాడీలో, ఆ మురికి కాలువలో పడేశారు. మా మామ బోరింగు మొండిచెయ్యితో నిలబడింది. నర్సవ్వ పసుపు నీళ్లతో అత్త కాళ్లు కడిగింది. అప్పుడు నేను అత్త మొహం చూశాను. ఆ నీళ్లు పాదాల మీద పడుతుంటే నిప్పులు పోసినట్టు ఆమె వేళ్లు ముడుచుకున్నాయి. పదేళ్లు కాపురం చేసిన కోడలిని, నాకు తెలియదా? అమ్మ రాలేదు.

ఇంటికొచ్చాక ఎస్తరమ్మ మెల్లగా అడిగింది, అది నిజమేనా అని. నేను తెలుగులోకి మార్చాల్సిన పని లేకపోయింది.

"కాదు. అబద్ధం. నా జన్మల ఇదే మొదటిది. రాసుకో ఎస్తరమ్మా, మీ చెల్లెకు రాయి. నిజం యాడనో ఒకతాన ఉండాలె గదా. ఈ గల్లీల మాత్రం వద్దు."

ఎస్తరమ్మ వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుంది. ఆ వారం ఉత్తరం చదివినప్పుడు అత్త ఒక్క తప్పూ పట్టలేదు. ఎండలు ముదరకముందే ఎస్తరమ్మ వాళ్ల దేశం వెళ్లిపోయింది.

గల్లీలో విరేచనాలు తగ్గాయి, ఆ మాట నిజం. కానీ గల్లీ మా అత్తను వదల్లేదు. ఒకసారి అమ్మ వచ్చిన ఒంటికి మళ్లీ రాదా? మంగళవారం వస్తే చాలు, గుమ్మం ముందు ఆడవాళ్లు. కొడుక్కి ఖాతాలో పని దొరుకుతుందా, కిమ్ ఊళ్లో సంబంధం చేసుకోవచ్చా, పోయిన మేక ఎటు పోయింది. అత్త అందరినీ తిట్టి తరిమేది. అమ్మ కోపంగా ఉందని కొబ్బరికాయ తెచ్చేవాళ్లు. ఆమె తిట్లకు కూడా అర్థాలు వెతికేవాళ్లు. దీపం పెట్టడానికి పోశమ్మ దగ్గరికి వెళ్లడం కూడా ఆమె మానేసింది. నన్ను పంపేది.

వానలు మొదలయ్యాక ఒక పగటి పూట భూదేవి చంటిపిల్లను ఎత్తుకుని పరుగున వచ్చింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది, కళ్లు తేలేస్తోంది. ఆసుపత్రికి పద అన్నాను. కొడుకు అక్కడే చచ్చాడు, నేను పోను, అమ్మ చెప్పాలి అంది భూదేవి. వెనక నర్సవ్వా, మరికొందరూ చేరారు.

అత్త గుమ్మంలోకి వచ్చి అందరి ముందూ చెప్పింది. "ఇనుండ్రి. ఆ దినం నా మీదికి అమ్మ రాలే. బోరింగు బందు చేయాలని నేను యాక్టింగు చేసిన. దొంగ శిగం. పోశమ్మ మీద ఒట్టు. జల్ది దవాఖానకు తీసుకపో."

భూదేవి వినలేదు. అమ్మ మమ్మల్ని పరీక్ష పెడుతోందంది నర్సవ్వ. చేతులు జోడించి అందరూ అలాగే కూర్చున్నారు. అత్త రెండోసారి చెప్పింది, భూదేవి రెక్క పట్టుకుని లాగింది, చెంప మీద కొట్టింది కూడా. ఆ దెబ్బను కూడా భూదేవి ప్రసాదంలా కళ్లకద్దుకుంది. పిల్ల మూలగడం కూడా మానేసింది. నాకు ఆ జనాన్నందర్నీ చీపురుతో బాదాలనిపించింది.

అత్త కొప్పు విప్పింది. ఈసారి కేక కూడా సరిగా రాలేదు, మధ్యలో ఏడుపు వచ్చేసింది. దవాఖానకు తీసుకపో, నేను నీ ఎంటనే ఉంట అంది. భూదేవి అప్పుడు లేచి పరిగెత్తింది.

పిల్ల బతికింది. భూదేవి వచ్చి చెప్పి, గుమ్మానికి పసుపు రాసి వెళ్లింది. అత్త విరబోసిన జుట్టుతో అలాగే కూర్చుంది, దువ్వుతానంటే వద్దంది. చాలాసేపటికి కాగితం తెమ్మంది.

"ఎస్తరమ్మకు రాయి. నువ్వు చెప్పిందే నిజమైందని రాయి. బోరింగు మూసే ఉన్నది గానీ, నా నోరు ఇగ నాది గాదని రాయి. నిజం చెప్తే ఒక్కరు నమ్ముతలేరని రాయి."

రాశాను. మడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకో మాట గూడ పెట్టు. మళ్ల ఏ పిల్ల పానం మీదికి వచ్చినా, మళ్ల గట్లనే చేస్తనని."